ముప్పై రోజుల తోట

మా అవ్వ ఆదిశేషమ్మను అవ్వా అని పిలిస్తే ఒప్పుకొనేది కాదు. న్యాయం ఆమె వైపే ఉంది. ఆమె పదిహేనో ఏట మా అమ్మను కన్నది, మా అమ్మ పదిహేనో ఏట నన్ను కన్నది. నాకు మాటలు వచ్చేసరికి ఆమెకు ముప్పై రెండేళ్ళు. తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. పెద్దమ్మా అని పిలవమనేది. నేను పదిమందిలో, అదీ నిమ్మకాయల కోతకు వచ్చిన ఆడవాళ్ళ ముందు, గొంతెత్తి అవ్వా అని పిలిచేదాన్ని. చేతిలో ఉన్న నిమ్మకాయ నా వీపు మీదికి వచ్చేది. అది తగిలినా పెద్ద నొప్పి ఉండదని మా ఇద్దరికీ తెలుసు.

మా నాయన గూడూరులో అభ్రకం పనికి కుదిరాడు. ఇంట్లో చంటిపిల్లలు ఎక్కువై నన్ను అవ్వ దగ్గర వదిలారు. గూడూరు నుంచి వాకాడు పోయే దారిలో ఇసక నేలల పల్లె అది. బడి రెండు మైళ్ళ దూరం. ఐదో తరగతితో నా చదువూ, నా మీద అయ్యవారికి ఉన్న ఆశా ఒకేసారి తీరిపోయాయి. అందుకని ఈ కథలో తేదీలు అడగవద్దు. పందొమ్మిది వందల యాభై తొమ్మిదిలో మొదలైంది, నేను పెద్దదాన్నయ్యాక ముగిసింది, అంతవరకు తెలుసు.

మా తాత జయరామయ్యకు వరి మడి, ఎద్దులు తప్ప వేరే లోకం లేదు. మెట్టన ఉన్న రెండెకరాల నిమ్మతోట అవ్వది. ఆమె పేరున లేదు, కానీ ఆమెదే. రెండు వేసవులు కడవలతో నీళ్ళు మోసి మొక్కలను బతికించింది. ఏ చెట్టు ఏ నెలలో పూస్తుందో, ఏది బద్ధకంగా కాస్తుందో ఆమెకు తెలుసు. మనుషుల పేర్లు మరిచిపోయేది గానీ చెట్ల గుణాలు మరిచిపోయేది కాదు.

అయితే మా వైపు ఒక కట్టుబాటు ఉంది. బయట చేరిన ఆడది నిమ్మతోటలో అడుగు పెట్టకూడదు. పెడితే పూత రాలిపోతుందని, ఆకు పండుబారుతుందని నమ్మకం. అందరికంటే గట్టిగా నమ్మింది మా అవ్వే. నెలకు నాలుగు రోజులు పశువుల కొట్టం పక్కన వసారాలో చాప వేసుకొని కూర్చొనేది. ఆ నాలుగు రోజులు తోట మా తాత తమ్ముడు హజరత్తయ్య చేతికి పోయేది.

హజరత్తయ్య చెడ్డవాడు కాదు, ఓపిక లేనివాడు. పండిన కాయ, పండని కాయ అని చూడకుండా చెట్టును దులిపి గూడూరు మండీకి తోలేవాడు. ఐదో రోజు అవ్వ తలంటి పోసుకొని తోటకు పోయి, దొంగలు దోచిన ఇంటిని చూసినట్టు చూసేది. నిమ్మ తీసేసి సరుగుడు పెడదామని అతని కోరిక. సరుగుడు నాటితే చాలు, ఐదేళ్ళ తర్వాత గొడ్డలి పట్టుకొని పోవచ్చు. ఈ తగవు తాత తల్లి, మా ముత్తవ్వ కామాక్షమ్మ దగ్గరికి వచ్చింది. భూమి ఆమె పేరున ఉంది, ఇంట్లో మాట ఆమెది. నెలంతా దగ్గరుండి చూసే మనిషి ఉంటే నిమ్మ ఉండనీ, లేకపోతే సరుగుడే పెట్టుకోండి అని తీర్పు చెప్పింది. తీర్పు చెప్పింది గానీ గడువు పెట్టలేదు. ఆ గడువు మా అవ్వ నెత్తి మీద ఏళ్ళ తరబడి వేలాడింది.

ముప్పై ఆరో ఏట మా అవ్వకు ముట్లు ఉడిగాయి. ఆ వయసులో అలా జరిగితే ఇంకో ఆడది బెంగపడేది. ఆమెకు మా అమ్మ తప్ప వేరే సంతానం కూడా లేదు. అయినా బెంగపడలేదు. ఆరు నెలలు ఊరుకొని, ఇక రాదని తేలాక, తోట తడికకు గొలుసూ తాళమూ వేయించి, తాళంచెవి మొలలో దోపుకుంది. ఇకనుంచి తోట ముప్పై రోజులూ తనదే. ఆ ఏడాది ఆమె నడకే మారిపోయింది.

తర్వాత మంటలు మొదలయ్యాయి.

ఉన్నట్టుండి గుండెల నుంచి మొహం దాకా నిప్పు పాకినట్టు ఎర్రబడేది. పుష్యమాసం చలిలో రవికె తడిసిపోయేది. అన్నం వడ్డిస్తూ వడ్డిస్తూ గరిటె వదిలేసి పోయి, తడి గోడకు వీపు ఆనించి నిలబడేది. కడవ నీళ్ళు నెత్తిన కుమ్మరించుకొనేది. నిద్ర లేదు. మోకాళ్ళు పట్టేసేవి. కోపం మాత్రం ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. నేను అవ్వా అంటే వీపు మీదికి వచ్చేది నిమ్మకాయ కాదు, చెంబు. రెండోసారి చెంబు తగిలాక నేను కూడా పెద్దమ్మా అనడం మొదలుపెట్టాను. అంటే చూడండి ఎంత దూరం వచ్చిందో.

మా పల్లె రెబెక్కమ్మ నెల్లూరులో ఒక ఆడవాళ్ళ ఆసుపత్రిలో నర్సు. ఆదివారం ప్రార్థనకు పల్లెకు వచ్చినప్పుడు మా అవ్వ తడి గోడకు ఆనుకొని ఉండటం చూసి, వయసు అడిగి, పెద్ద డాక్టరమ్మకు చూపించాలని పట్టుపట్టింది. మోకాళ్ళ నొప్పులకని ఇంట్లో చెప్పి ఇద్దరూ బస్సెక్కారు. నన్ను వదిలిపోతే ఊరంతా చెప్పేస్తానని నన్నూ ఎక్కించుకున్నారు.

డాక్టరమ్మ చాలాసేపు పరీక్షించింది. ముప్పై ఆరేళ్ళకే ఆగిపోవడం తొందర అనీ, ఒంట్లో ఊరవలసినది ఊరడం మానిందనీ, దాన్ని బిళ్ళల రూపంలో ఇస్తామనీ చెప్పింది. ఇరవై ఒక్క రోజులు రోజుకొకటి వేసుకోవాలి, ఏడు రోజులు ఆపాలి, మళ్ళీ మొదలుపెట్టాలి. అవ్వకు అర్థం కాలేదని రెబెక్కమ్మ విడమరిచింది.

"బావిలో ఊట తగ్గింది గదక్కా. పైనుంచి కడవతో పోసినట్టన్నమాట."

"కడవతో పోస్తే బావి నిండుతాదా మే?"

"నిండదు. అడుగు ఎండకుండా ఉంటాది."

ఆ మాట అవ్వకు నచ్చింది. డాక్టరమ్మ ఇంకా చెప్పింది. వికారం ఉండవచ్చు, రొమ్ములు సలపవచ్చు, కాళ్ళు కొంచెం నీరు పట్టవచ్చు, ఆపిన ఏడు రోజుల్లో మళ్ళీ ముట్టులాగా కనిపించవచ్చు. ఎక్కువైతే వెంటనే రమ్మంది. అవ్వ ఇవేమీ చెవిన వేసుకోలేదు. ఆమె ధ్యాస ఒకదాని మీదే ఉంది. పథ్యం ఏమిటని మూడుసార్లు అడిగింది. ఏమీ లేదు, అన్నీ తినండి అని డాక్టరమ్మ మూడుసార్లూ చెప్పింది. బస్సులో అవ్వ మొహం ముడుచుకొని కూర్చుంది. పథ్యం లేని మందు మందే కాదని ఆమె బాధ. డాక్టరమ్మ మొహమాటపడి చెప్పలేదనుకొని, తానే ఒక పథ్యం కట్టుకుంది.

పులుపు మానింది. వంకాయ, గోంగూర, చేప, నువ్వులు మానింది. మిరియాల చారు, అన్నం, అంతే. బిళ్ళను తెల్లవారగానే తూర్పు తిరిగి పరగడుపున మింగేది, మా పల్లెలో కషాయాలు తాగే పద్ధతిలో. మింగిన గడియకు పశువుల కొట్టం వెనక వాంతి. పది రోజులకు దవడలు లోపలికి పోయాయి. రొమ్ములు సలుపుతున్నాయని రవికె పక్క కుట్లు విప్పుకుంది. నన్ను ఒళ్ళో వాలనిచ్చేది కాదు, చేరబోతే మోచేయి అడ్డం పెట్టేది. గోడ మీద బొగ్గుతో రోజుకొక గీత గీయడం నా పని. గీతలు పెరిగేకొద్దీ ఆమె తరిగిపోతున్నట్టు ఉండేది.

కామాక్షమ్మ అన్నీ గమనించింది. తెల్లవారుజామున వాంతులు, అన్నం సహించకపోవడం, రవికె వదులు చేసుకోవడం. నలుగురు పిల్లలను కన్న మనిషి, ఆమె లెక్క ఆమె వేసుకుంది. కొడుకు చెవిలో ఏదో వేసింది. మరునాడు మా తాత పని లేకపోయినా గూడూరు పోయి, తువ్వాల్లో పచ్చి మామిడికాయలు కట్టుకొచ్చాడు. తానే కడిగి, తానే తుడిచి, అవ్వ పక్కన పెట్టి, దూరంగా స్తంభం దగ్గర కూర్చున్నాడు. ఎద్దులకు తప్ప ఎవరికీ సేవ చెయ్యడం నేను చూడని మనిషి.

అవ్వ కాయలను చూసింది, ఆయన్ను చూసింది. ఆమెకు అర్థమైంది.

"ఇది బిళ్ళల వికారం" అంది మెల్లగా. "బిడ్డ కాదు."

తాత తువ్వాలు విదిలించి, మడిచి, భుజాన వేసుకున్నాడు. "ఉప్పూ కారం తెచ్చుకో పాపా" అని నాతో అన్నాడు. నేను నాలుగు కాయలూ తిని రెండు రోజులు కడుపునొప్పితో మెలికలు తిరిగాను. ఆ రెండు రోజులూ ఆయన నన్ను ఒళ్ళో పెట్టుకొని కూర్చున్నాడు. ఆ వాత్సల్యం నాకోసమేనని చాలా ఏళ్ళు అనుకున్నాను.

తర్వాతి ఆదివారం రెబెక్కమ్మ వచ్చి, అవ్వను చూసి, తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టింది. పథ్యం సంగతి విని నెత్తి కొట్టుకుంది. "ఆ బిళ్ళకు పథ్యం లేదక్కా, దానికి అన్నం కావాల. రాత్రి కడుపు నిండా తిని, పండుకొనేముందు వేసుకో" అని, ఎదురుగా కూర్చొని చేపల పులుసుతో అన్నం తినిపించి పోయింది. ఆ రోజు నుంచి వాంతులు తగ్గాయి. కాళ్ళ నీరు తగ్గడానికి ఉప్పు తగ్గించమంది. ఎండుచేపా ఊరగాయా తినే ఇంట్లో ఉప్పు తగ్గించడం కంటే కష్టమైన శిక్ష లేదు. అవ్వ ఊరగాయ జాడీని చూసి మొహం తిప్పుకొని పోవడం నాకు మంచి కాలక్షేపంగా ఉండేది. ఆమె చూస్తుండగా నేను ఇంకో ముక్క వేసుకొనేదాన్ని.

రొమ్ముల సలుపు పోలేదు గానీ మంటలు చల్లారాయి. అవ్వ నిద్రపోయింది. పొద్దున లేచి, ఎందుకో తెలియదు, నవ్వింది. నేను ధైర్యం చేసి అవ్వా అని పిలిచాను. నిమ్మకాయే వచ్చింది.

ఇరవై ఒక్క గీతలు నిండాయి. ఆపిన మూడో రోజు తోటలో కోత. ప్రమీలమ్మ జట్టు ఆడవాళ్ళు పన్నెండుమంది గంపలతో తడిక దగ్గర నిలబడి ఉన్నారు. అవ్వ తాళంచెవి కోసం మొలలో చెయ్యి పెట్టి, అట్టే ఆగిపోయి, వెనక్కి తిరిగి ఇంటికి పోయింది. నేను వెంటపడ్డాను. పెట్టె తెరిచి, రెండేళ్ళ కింద మడిచి పెట్టిన పాత గుడ్డలు బయటికి తీస్తోంది. ఎనిమిదేళ్ళ పిల్లకు కూడా అర్థమయ్యే సంగతే.

నోరు తెరిస్తే నాలుక కోస్తానంది. నేను ఇంకో ఉపాయం చెప్పాను.

"ఎవురికీ తెలీదు గదా. పోదాం రా."

"చెట్టుకు తెలుస్తాది" అంది.

కాలు వాచి నడవలేకుండా ఉన్నానని ఆడవాళ్ళకు చెప్పింది. తాళం నాచేత తీయించి, కంచె బయట రాయి మీద కూర్చుంది. ఆ రోజు తోటలో కాళ్ళు నావి, నోరు ఆమెది. ఈశాన్యం మూల చెట్టు ముట్టుకోవద్దని చెప్పు, కొమ్మ వంచి కోయమను, తొడిమ పీకొద్దను అని ఆమె అరవడం, నేను పరిగెత్తడం. కోత అయి ఇంటికి వచ్చాక నాలుగో రోజు దాకా చాప దిగలేదు. వంటింటి గడప తొక్కలేదు. ఎవరినీ తాకలేదు. కాలు నెప్పి అంటే ఇంట్లో వాళ్ళు నమ్మారు.

మరుసటి నెల మళ్ళీ అదే మూడో రోజున కాలు వాచింది. హజరత్తయ్య చాప దగ్గరికి వచ్చి, చేతులు వెనక్కి కట్టుకొని, కాలును తేరిపార చూశాడు.

"నెలనెలా వాచే కాలు నేనేడా చూళ్ళేదు వదినా" అని చక్కా పోయాడు.

అవ్వ మొహం తెల్లబోయింది. అతనికి తెలిస్తే కామాక్షమ్మకు తెలుస్తుంది. కామాక్షమ్మకు తెలిస్తే నెలంతా చూసే మనిషి లేదని తేలిపోతుంది. తేలితే నిమ్మ పోయి సరుగుడు వస్తుంది. ఐదో రోజు స్నానం చేసి వచ్చి, బిళ్ళల పొట్లం గుడ్డలో కట్టి బియ్యం కుండలో అడుగున దాచింది. గోడ మీద గీతలు గీయవద్దని నాకు చెప్పింది. మంటలనైనా ఓర్చుకుంటాను గానీ తోటను వదలనని ఆమె తీర్మానం. ఆ తీర్మానం వినడానికి బాగానే ఉంది.

ఇరవై రోజులకు మంటలు మునుపటికంటే ఎక్కువగా వచ్చాయి. నిద్ర పోయింది, నవ్వు పోయింది. సరిగ్గా కాయ బాగా పడే రోజులు. కోత మధ్యలో అవ్వ ఎద్దులతో తోడే కపిల బావి దగ్గరికి పోయి నెత్తిన నీళ్ళు కుమ్మరించుకుంది. చీర కారుతుండగా వచ్చి నిలబడింది. ప్రమీలమ్మ ఆమె ఈడుదే, చిన్ననాటి నుంచి పరిచయం. తోటకు పోసే నీళ్ళన్నీ నువ్వే పోసుకుంటే చెట్లు ఏం తాగాలని నవ్వుతూ అడిగింది. మామూలు రోజైతే అవ్వ దానికి రెండింతలు తిప్పికొట్టి నవ్వేది. ఆ రోజు ఆమె అన్న మాట నేను విన్నాను, వినకుండా ఉంటే బాగుండేది.

"మొగుణ్ణి మద్రాసుకు సాగనంపి తిరిగి రప్పించుకోలేని దానివి, నువ్వా నాకు చెప్పేది."

ప్రమీలమ్మ మొగుడు పోయి తొమ్మిదేళ్ళు. ఆమె నెత్తి మీది గంప మెల్లగా దించి, నేల మీద పెట్టి, చుట్టకుదురు దులిపి చంకలో పెట్టుకొని బయటికి నడిచింది. మిగిలిన పదకొండుమందీ గంపలు దించారు. తోటలో నేనూ అవ్వా మిగిలాం.

మరునాడు ఎవరూ రాలేదు. ఆ మరునాడూ రాలేదు. మేమిద్దరం ఎంతని కోస్తాం. కాయ పండి, పసుపు తిరిగి, పాదుల్లో రాలడం మొదలైంది. నాలుగో రోజు హజరత్తయ్య అన్నం తింటూ, సరుగుడు నారు మాట్లాడి వస్తానన్నాడు. కామాక్షమ్మ వద్దనలేదు. ముద్ద కలుపుతూనే ఉంది. ఆమె వద్దనకపోవడం అవ్వకు వినబడింది.

ఆ సాయంత్రం అవ్వ పాదుల్లో రాలిన కాయలు ఏరుతూ ఏరుతూ కూలబడింది. నాతోనో చెట్టుతోనో అన్నట్టు మాట్లాడింది. బిళ్ళ వేసుకుంటే నాలుగు రోజులు తోట పోతుంది, మానుకుంటే మనుషులే పోతారు అంది. ఇంటికి వచ్చి బియ్యం కుండలో చెయ్యి పెట్టింది.

పొద్దున్నే ప్రమీలమ్మ ఇంటికి పోయింది. నేను వెనకే. ప్రమీలమ్మ వాకిలి ఊడుస్తోంది. మమ్మల్ని చూసి కూడా ఊడవడం ఆపలేదు. ఊడిచిన చోటే మళ్ళీ ఊడిచింది. అవ్వ నిలబడే ఉంది. అనకూడని మాట అన్నానని, నా ఒళ్ళు నా మాట వినడం లేదని చెప్పింది. ప్రమీలమ్మ చీపురు గోడకు ఆనించింది.

"నీకేవో బిళ్ళలు ఉండాయంట గదా. మింగొచ్చు గదా."

"మింగితే నెలనెలా బయట చేరతాన్నాను మే. తోటలోకి పోలేను."

ఆ మాట నాకు తప్ప ఎవరికీ చెప్పలేదు అప్పటిదాకా. ప్రమీలమ్మ ఆమెను పైనుంచి కిందికి చూసింది. ఆ వాచిన కాలు కథ ఇదా అనుకొని ఉంటుంది, ఎందుకంటే పెదవి చివర నవ్వు కదిలింది. అయినా మెత్తబడలేదు.

"అయితే బయటే కూచో. కాయ కోయడం మాకు రాదా? బిళ్ళ మింగి వచ్చే ఆదిశేషమ్మ అయితే పిలువు, వస్తాం. మింగని ఆదిశేషమ్మ దగ్గరికి రాం."

ఆ మధ్యాహ్నం భోజనాలయ్యాక అవ్వ వసారాలో అందరినీ కూర్చోమంది. కామాక్షమ్మ, తాత, హజరత్తయ్య, పిలవకపోయినా నేను. దాచకుండా చెప్పింది. కాలు వాచలేదని, రెండు నెలలు బయట చేరి కూడా దాచానని, తోటలో మాత్రం అడుగు పెట్టలేదని, మధ్యలో బిళ్ళ మానితే ఏమైందో అందరూ చూశారని. తాత తల వంచుకొని చాప అంచు పీకుతున్నాడు.

"అయితే మళ్ళీ మొదటికొచ్చినట్టే గదా వదినా" అన్నాడు హజరత్తయ్య. మాటలో కసి లేదు, తొందర ఉంది.

అవ్వ అత్త వైపు తిరిగింది. బిళ్ళ వేసుకుంటే వచ్చేది, వేసుకోకపోతే రానిది, అది ముట్టు ఎట్లా అవుతుందని అడిగింది. అది మందు చేసే పని, దేవుడు ఇచ్చింది కాదని వాదించింది. ఎన్నాళ్ళు మనసులో నూరుకుందో, వాదన చాలా పదునుగా ఉంది.

కామాక్షమ్మ వక్క నములుతూ విన్నది.

"రక్తం రక్తమే శేషా. తోటలోకి పోవద్దు."

అవ్వ మొలలో నుంచి తాళంచెవి తీసి చాప మీద పెట్టింది. హజరత్తయ్య దానివైపు చూశాడు గానీ చెయ్యి చాపలేదు, తల్లి ఇంకా లేవలేదు కాబట్టి.

"ఎన్నాళ్ళకొకసారి వస్తాదది?" అని కామాక్షమ్మ అడిగింది.

"బిళ్ళ ఆపిన మూడో రోజు" అని నేను చెప్పాను. గోడ చూపించాను. నా జీవితంలో నన్ను అడగకుండా చెప్పిన జవాబుకు దెబ్బ పడనిది అదొక్కటే.

"తప్పకుండా మూడో రోజేనా?"

"రెండుసార్లూ అంతే" అంది అవ్వ.

"బిళ్ళ ఆపేది ఎవురు?"

"నేనే. ఇరవై ఒకటి అయినాక."

"మొదలుపెట్టేది?"

అవ్వ జవాబు చెప్పబోయి ఆగింది. ఆమెకు అప్పటిదాకా తోచని సంగతి అది. "నేనే" అంది చివరికి.

కామాక్షమ్మ గోడ మీద గీతల వైపు చాలాసేపు చూసింది. తర్వాత ఎవరితోనో చెబుతున్నట్టు చెప్పింది. కూతురి పెండ్లి ముహూర్తానికి గడియ ముందు తాను బయట చేరిందట. కొట్టం వెనక నిలబడి మేళం చప్పుడు విన్నదట. తాళి కట్టేది చూడలేదట. నలభై ఏళ్ళు అది ఎప్పుడు పిలిస్తే అప్పుడు లేచి పోయానంది.

"ఇది మనం పిలిచినప్పుడు వస్తాదంటావు" అంది అవ్వతో.

"అట్టే ఉండాది అత్తా."

"అయితే రెండు కోతల నడుమకు పిలువు. ఆ నాలుగు రోజులు తోటకు తాళం. నువ్వు పోవద్దు. అబ్బయ్యా, నువ్వూ పోవద్దు. ఎవురూ పోబళ్ళా. చెట్లు కూడా నాలుగు రోజులు ఊపిరి పీల్చుకోనీ." తాళంచెవిని కాలి వేలితో అవ్వ వైపు నెట్టింది.

రెబెక్కమ్మ ద్వారా డాక్టరమ్మను అడిగించారు. ఇరవై ఒకటి, ఏడు, ఆ వరస తప్పకుండా ఉంటే చాలు, ఏ రోజు మొదలుపెట్టుకున్నా పరవాలేదని ఆమె చెప్పింది. అవ్వ ఒకసారి మాత్రం రోజులు సర్దుకొని, కోత అయిన పదో రోజుకు ఆపేటట్టు మొదలుపెట్టింది. పన్నెండుమంది ఆడవాళ్ళు, రెండెడ్ల బండి, గూడూరు మండీలో కాటా వేసేవాడు, అందరూ మా అవ్వ బిళ్ళల ప్రకారం నడిచారు. అందులో ఒక్క ప్రమీలమ్మకే ఆ సంగతి తెలుసు. ఆమెకు ఆ రహస్యం బరువయ్యేది. కోత రోజు చెప్పడానికి నేను పోతే, "ఏమంటాండాది గోడ?" అని అడిగేది.

బిళ్ళలు సుఖంగా సాగాయని చెప్పను. రొమ్ముల సలుపు చివరి వారం ఎప్పుడూ ఉండేది. చెప్పులు సాయంత్రానికి బిగుసుకొనేవి. ఒక ఏడాది రక్తం మరీ ఎక్కువై, ఐదో రోజుకు ఆగక, రెబెక్కమ్మ నెల్లూరు తీసుకుపోయింది. లోపల శుభ్రం చేసి, పరీక్షకు పంపి, భయం లేదని చెప్పి, మోతాదు తగ్గించారు. ఆ వారం రోజులు తాత ఎద్దులను కూడా పలకరించలేదు. అప్పటినుంచి ఏడాదికొకసారి డాక్టరమ్మకు చూపించుకోవడం మానలేదు. బస్సులో నేనూ పోయేదాన్ని, ఇప్పుడు చెప్పేస్తానని బెదిరించి కాదు, తోడుగా.

నలభై ఐదు నిండాక డాక్టరమ్మ కొంచెం కొంచెంగా తగ్గించి బిళ్ళలు ఆపింది. అప్పటికి నాకు పెండ్లి కుదిరింది. మంటలు కొన్నాళ్ళు వచ్చి, పాత చుట్టంలాగా మొహం చూపి, పోయాయి. ముట్టు మరి రాలేదు. తోట మళ్ళీ ముప్పై రోజులూ ఆమెదే అయింది.

ఆ నెల కోత అయిన పదమూడో రోజు నేను తోటకు పోతే తడికకు తాళం ఉంది. అవ్వ వసారాలో చాప మీద వెల్లకిలా పడుకొని, మధ్యాహ్నం ఎండలో నోరు తెరిచి నిద్రపోతోంది. నాలుగు అడుగుల దూరంలో కామాక్షమ్మ ఇంకో చాప మీద కాళ్ళు చాపుకొని కూర్చొని ఉంది. వంటింట్లో తాత ఏదో మాడుస్తున్న వాసన వస్తోంది. ఇదేమిటి, బిళ్ళలు ఆపారు గదా, ఇంకా తాళమెందుకని హజరత్తయ్య వచ్చి అడిగాడు.

అవ్వ ఒక కన్ను తెరిచింది.

"చెట్లకు అలవాటైపోయిందబ్బయ్యా" అని చెప్పి, అటు తిరిగి పడుకుంది.